పొగ పెట్టె మూలన పడకుండా చూసుకుందాం

(మండల మహిళా సమాఖ్య వార్షిక మహాసభలో చేపల ఉత్పత్తుల గుంపు తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదిక మీద ఏటా పొదుపు లెక్కలు, అప్పుల లెక్కలు, రికవరీ లెక్కలు వింటాం. ఈ ఏడు మమ్మల్ని ఒక యంత్రం గురించి మాట్లాడమన్నారు. అది కరెంటుతో నడిచే పొగ పెట్టె. దాన్ని కొనడం గురించి కాదు, కొన్నాక కాపాడుకోవడం గురించి చెబుతాం. కొనేదాకా అందరూ తోడుంటారు, ఫోటో తీసేదాకా కూడా ఉంటారు. ఆర్నెల్ల తర్వాత పెట్టె వేడెక్కకపోతే మాత్రం మనమూ, పెట్టే, వాయిదా పుస్తకమూ మిగులుతాం. యంత్రం మూలన పడ్డంత తేలిగ్గా అప్పు మూలన పడదు కదండీ.

అంచేత ఈ రోజు మేం చెప్పదలచుకున్నది ఒక్కటే. పెట్టె పాడైందని అనుకునే సందర్భాల్లో చాలావాటికి మెకానిక్ అక్కర్లేదు, మనమే చూసుకోవచ్చు. కొన్నిటికి మాత్రం ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా చెయ్యి పెట్టకూడదు. ఏది మన పని, ఏది మన పని కాదు అన్నది తెలిస్తే డబ్బూ మిగులుతుంది, ప్రాణమూ మిగులుతుంది.

పొగ మనకు కొత్త కాదు

చేపకు ఉప్పు పట్టించి ఎండబెట్టడం, పొగ పెట్టడం తీరంలో మన అమ్మలు, అమ్మమ్మలు చేసిన పనే. మట్టి పొయ్యి మీద జాలీ వేసి, కింద సరుగుడు పుల్లలో కొబ్బరి డొక్కలో రాజేసి, పైన గోనె కప్పి కూర్చునేవాళ్లు. చేప బాగానే ఉండేది. కళ్లూ, ఊపిరితిత్తులూ మాత్రం చేపతో పాటే పొగచూరిపోయేవి. వాన పడితే పని ఆగిపోయేది.

కరెంటు పెట్టెలో మంట ఉండదు. కాయిలు వేడెక్కి, దాని మీది ట్రేలో ఉన్న చెక్క పేళ్లు నివురుగప్పినట్టు కాలి పొగ ఇస్తాయి. 1000 వాట్ల పెట్టె ఐదు గంటలు ఆగకుండా కాలినా 5 యూనిట్లకు మించదు. వేడి సరిపడా చేరాక కాయిలు ఆగుతూ వెలుగుతూ ఉంటుంది కాబట్టి ఖర్చు ఇంకా తక్కువే అవుతుంది. ముసురు రోజుల్లోనూ కానాగంతలు, కవళ్లు, సూర ముక్కలు పాడవకుండా సరుకవుతాయి.

అయితే మా గుంపులో ఓ పెద్దావిడ మొదట్లోనే ఒక మాట అంది: "పొయ్యి అలిగితే ఊదితే మండుద్ది. ఈ పెట్టె అలిగితే ఎక్కడ ఊదాలమ్మా?" ఈ ప్రసంగమంతా ఆ ప్రశ్నకు జవాబే అనుకోండి.

పెట్టెలో ఉన్నవి నాలుగే

పెట్టె ఎంత ఖరీదుదైనా అందులో నడిచేవి నాలుగు: వేడి, పొగ, గాలి, తడి. వేడికి కాయిలు, థర్మోస్టాట్, వేడిని చూసి చెప్పే సెన్సర్ పుల్ల ఉంటాయి. పొగకు పేళ్ల ట్రే ఉంటుంది. గాలికి కింద ఒక కన్నం, పైన మూత ఉన్న ఇంకో కన్నం, తలుపు చుట్టూ పట్టీ ఉంటాయి. తడికి నీళ్ల గిన్నె, జిడ్డు కారే పళ్లెం ఉంటాయి. ఏ తేడా వచ్చినా గాబరా పడకుండా, ఈ నాలుగింట్లో ఏది తప్పిందో చూడాలి. వేడి ఉండి పొగ లేకపోతే ఒక దారి, పొగ ఉండి వేడి లేకపోతే ఇంకో దారి.

ముందు కరెంటు మాట

చేపల పని అంటేనే తడి చేతులు, తడి నేల, ఉప్పునీళ్లు. కరెంటుకి ఈ మూడూ ఇష్టమే. అందుకని లోపాల జాబితా కంటే ముందు ఈ నియమాలు చెబుతున్నాం. మీ ఇళ్లల్లో పెట్టె పక్కన గోడ మీద రాసిపెట్టుకోండి.

పెట్టెను ముట్టుకునే ముందు స్విచ్ ఆపడం చాలదు, ప్లగ్ ఊడదీయాలి. చేతులు తుడుచుకుని, కాళ్లకు చెప్పులు వేసుకుని, పొడి పీట మీదో చెక్క మీదో నిలబడాలి.

మూడు పిన్నుల ప్లగ్‌లో పెద్ద పిన్ను ఎర్తుది. అది సాకెట్‌లో పట్టడం లేదని విరగ్గొట్టడం, రెండు పిన్నుల ప్లగ్ మార్చడం ప్రాణం మీదికి తెచ్చే పనులు. ఇంటికి ఎర్తు ఉందో లేదో, ఉన్నా పనిచేస్తోందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించాకే పెట్టె పెట్టాలి. మెయిన్ దగ్గర 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. కరెంటు మనిషి ఒంట్లోంచి భూమిలోకి పోతుంటే క్షణంలో లైను ఆపేది అదే. మామూలు ఫ్యూజు గానీ, ఎంసీబీ గానీ ఆ పని చెయ్యవు. అవి తీగను కాపాడతాయి, మనిషిని కాదు.

1000 వాట్ల పెట్టె 4 ఆంపియర్ల పైన, 1500 వాట్లది 6.5 ఆంపియర్లు లాగుతుంది. అంటే సెల్ ఛార్జర్లు పెట్టే 6 ఆంపియర్ల చిన్న సాకెట్ దీనికి తగదు. 16 ఆంపియర్ల పవర్ సాకెట్ కావాలి. దానికి 2.5 చదరపు మిల్లీమీటర్లకు తగ్గని రాగి తీగతో వేరే లైను లాగించుకోవాలి. సన్నటి ఎక్స్‌టెన్షన్ తీగ చుట్ట చుట్టి వాడితే ఆ చుట్టే వేడెక్కి కరుగుతుంది.

ఇంకొకటి. మంట లేదు కదా అని పెట్టెను గదిలో పెట్టి తలుపులు వేసుకోకూడదు. చెక్క నివురుగా కాలినప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి వాసనా ఉండదు, రంగూ ఉండదు. నాలుగు పక్కల గాలి ఆడే వరండా గానీ, రేకుల పందిరి గానీ దానికి చోటు. వాన జల్లు మాత్రం తగలకూడదు.

ఏ లోపానికి ఏం చూడాలి

పెట్టె అసలు వెలగడం లేదు. ముందు సాకెట్‌ని అనుమానించండి. సెల్ ఛార్జర్ పెట్టి చూస్తే సరిపోదు, సగం కాలిన సాకెట్ కూడా ఛార్జర్‌ని నడిపిస్తుంది. అదే పవర్ సాకెట్‌లో ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. అది వేడెక్కితే సాకెట్ మంచిదే. తర్వాత ప్లగ్ పిన్నులు నల్లబడ్డాయేమో, తీగ ఎక్కడైనా నలిగిందేమో, ఎలక కొరికిందేమో చూడండి. కొన్ని పెట్టెల్లో వెనకవైపు చిన్న రీసెట్ బటన్ ఉంటుంది. లోపల వేడి హద్దు మీరితే అది కరెంటు ఆపేస్తుంది. ప్లగ్ తీసి, పెట్టె పూర్తిగా చల్లారాక ఒకసారి నొక్కవచ్చు. మళ్లీ అదే పని చేస్తే రెండోసారి నొక్కకండి. అది ఏదో చెబుతోందన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.

దీపం వెలుగుతోంది, వేడి మాత్రం లేదు. కాయిలు తెగి ఉండొచ్చు, లేదా కాయిలు చివర తీగ బిగింపు వదులై కాలి ఉండొచ్చు. ఇది ఎలక్ట్రీషియన్ పని. కానీ ఆయన ఏం చూడాలో మనకు తెలిసి ఉండాలి. ప్లగ్ తీసి, కాయిలు తీగలు విప్పి మల్టీమీటర్ పెడితే 1000 వాట్ల కాయిలుకి 53 ఓంల దగ్గర, 1500 వాట్లదానికి 35 ఓంల దగ్గర చూపాలి. అసలేమీ చూపకపోతే కాయిలు తెగింది, మార్చాలి. చూపితే కాయిలు మంచిదే, లోపం థర్మోస్టాట్‌లోనో బిగింపులోనో ఉంది. ఈ ఒక్క లెక్క తెలిస్తే బాగున్న కాయిలుకి కొత్త కాయిలు డబ్బు కట్టాల్సిన అవసరం ఉండదు.

వేడెక్కుతోంది, కానీ గంటలు పడుతోంది. ఇందులో యంత్రం తప్పు తక్కువ. సాయంత్రం పూట ఊళ్లో వోల్టేజీ పడిపోతుంది. 230 వోల్టుల దగ్గర 1000 వాట్ల వేడి ఇచ్చే కాయిలు, 180 వోల్టులే వస్తే దాదాపు 610 వాట్లే ఇస్తుంది. వోల్టేజీ తగ్గేది అయిదో వంతు అయితే వేడి తగ్గేది మూడో వంతు పైన. అంచేత పొగ పనికి తెల్లవారుజామో, మధ్యాహ్నమో మంచిది. ఇంకా చూడాల్సినవి: తలుపు పట్టీ లోంచి వేడి పోతోందా, జాలీల నిండా చల్లటి చేప ఒక్కసారే కుక్కామా, సముద్రపు గాలి నేరుగా పెట్టెకు కొడుతోందా, మాటిమాటికీ తలుపు తీస్తున్నామా. అన్నం ఉడికిందా లేదా అని మూత తీసి చూసే అలవాటు మనకు ఉంది. పొగ పెట్టె దగ్గర ఆ అలవాటు పనికిరాదు. తలుపు తీసిన ప్రతిసారీ కూడబెట్టిన వేడి పోతుంది.

వేడి అంకె నమ్మేట్టు లేదు. ముందు సెన్సర్ పుల్ల తుడవండి. దాని మీద మసి పేరుకుంటే అది ఆలస్యంగా చెబుతుంది, ఈలోగా పెట్టె మితిమీరి కాలుతుంది. తర్వాత చేపలో గుచ్చి చూసే విడి థర్మామీటర్‌ని పరీక్షించండి. గ్లాసు నిండా దంచిన ఐసు వేసి, సందుల్లో నీళ్లు పోసి, కలిపి కాసేపు ఉంచితే సున్నా డిగ్రీలు చూపాలి. మరిగే నీళ్లలో మన తీరంలో 100 చూపాలి. రెండు చోట్లా సరిగ్గా ఉంటే ఆ థర్మామీటర్‌ని పెట్టె లోపల పెట్టి, పెట్టె అంకెతో పోల్చుకోండి. తేడా ఎంతుందో కాగితం మీద రాసి తలుపుకి అంటించండి. అంకె కొన్ని డిగ్రీలు పైకీ కిందికీ ఊగడం లోపం కాదు, కాయిలు ఆగుతూ వెలుగుతూ ఉండటం వల్ల అలా జరుగుతుంది.

వేడి ఉంది, పొగ లేదు. ఎక్కువమంది గాబరా పడేది దీనికే. పెట్టె మనం పెట్టిన వేడికి చేరగానే కాయిలు ఆగిపోతుంది. కాయిలు ఆగితే ట్రే అడుగు చల్లబడుతుంది, పేళ్లు కాలడం మానేస్తాయి. మండుటెండలో పెట్టె తొందరగా వేడెక్కినప్పుడు ఇది మరీ ఎక్కువ. అందుకని పేళ్లు పెట్టె చల్లగా ఉన్నప్పుడే, కాయిలు మొదటిసారి ఎర్రబడే సమయానికి ట్రేలో ఉండాలి. తర్వాత కాయిలు వెలిగిన వేళ చూసి గుప్పెడు గుప్పెడు వేయాలి. ట్రే కాయిలుకి దగ్గరగా, వంకర లేకుండా కూర్చుందో లేదో చూడండి. ట్రే అడుగున పాత బూడిద గట్టిపడితే వేడి పేళ్లకు అందదు.

పొగ తెల్లగా, దట్టంగా వస్తోంది, చేప చేదెక్కుతోంది. ఎక్కువ పొగ అంటే ఎక్కువ రుచి అనుకోవద్దు. మంచి పొగ పలచగా, కాస్త నీలంగా, కంటికి ఆనీ ఆననట్టు ఉంటుంది. దట్టంగా తెల్లగా వస్తే పేళ్లు తడిగా ఉన్నాయని గానీ, పై కన్నం మూసుకుపోయిందని గానీ అర్థం. బయటికి పోలేని పొగ లోపల తారులా చేప మీదా, గోడల మీదా దిగుతుంది. చేదు దానిదే. పై మూత కనీసం సగం తెరిచి ఉంచండి. పేళ్లు బాగా ఎండిన మామిడి, జామ, చింత, సరుగుడు లాంటి కర్రవైతే మంచిది. రంగు వేసిన చెక్క, ప్లైవుడ్, పాలిష్ పెట్టిన సామాను ముక్కలు, మందు పట్టించిన కర్ర ఎంత ఊరికే వచ్చినా వద్దు. ఆ విషమంతా చేపలోకి వెళ్తుంది. కొబ్బరి పీచు చిన్న ట్రేలో ఇట్టే అంటుకొని మంటవుతుంది, అదీ వద్దు.

ఇది రుచి మాట మాత్రమే కాదు. మసి, తారు పట్టిన చేపలో బెంజోపైరీన్ లాంటి కేన్సర్ కారకాలు పెరుగుతాయి. ఐరోపా దేశాలు పొగ చేప కండలో అది కిలోకి 2 మైక్రోగ్రాములు దాటకూడదని హద్దు పెట్టాయి. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఆ కొలత మనం ఇంట్లో చూడలేం. కానీ ట్రే శుభ్రం, ఎండిన కర్ర, తెరిచిన కన్నం, జిడ్డు కాయిలు మీద పడకుండా పళ్లెం, ఈ నాలుగూ మన చేతుల్లోనే ఉన్నాయి.

పెట్టె పెట్టగానే ఎంసీబీయో, ఆర్‌సీసీబీయో పడిపోతోంది. వానాకాలంలో చాలా రోజులు వాడని పెట్టెల్లో ఇది మామూలు. కాయిలు లోపల తీగ చుట్టూ ఉండే తెల్లటి పొడి గాల్లో తేమను పీల్చుకుంటుంది. ఆ తేమ గుండా కరెంటు పెట్టె ఒంటికి పాకుతుంది. ఎలక్ట్రీషియన్ కాయిలుని విప్పి, ఆరబెట్టి, పరీక్షించి ఇస్తాడు, లేదా మార్చమంటాడు. మనం చెయ్యకూడని పని ఒకటే: "ఆర్‌సీసీబీ మాటిమాటికీ పడుతోంది, దాన్ని తప్పించి నేరుగా కలిపెయ్యండి" అనకూడదు, ఎవరైనా అలా చేస్తానన్నా ఒప్పుకోకూడదు.

ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఇక దీంట్లో ఆలోచన లేదు. పెట్టెను ముట్టుకోకుండా మెయిన్ దగ్గర ఆపాలి, ఆ తర్వాతే ప్లగ్ తీయాలి. పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. లోపల ఎంత ఖరీదు చేప ఉన్నా సరే. "కాస్త జిల్లుమంటుంది అంతే, అలవాటైపోయింది" అన్న మాట మన సంఘాల్లో ఎవరి నోటా వినపడకూడదు. పొడి నేల మీద జిల్లుమన్నదే, తడి నేల మీద ప్రాణం తీస్తుంది.

లోపల మంట లేచింది. జిడ్డు కాయిలు మీద కారితే ఇది జరుగుతుంది. తలుపు తీయకండి, తీస్తే గాలి దొరికి మంట మీదికి ఎగుస్తుంది. మెయిన్ ఆపండి, కన్నాల మూతలు మూయండి, చల్లారేదాకా దూరంగా ఉండండి. నీళ్లు పోయకండి. కరెంటుకీ జిడ్డు మంటకీ నీళ్లు శత్రువులు. పెట్టె దగ్గర ఒక బక్కెట్ పొడి ఇసుక ఎప్పుడూ ఉంచండి.

మధ్యలో ఆగితే చేప సంగతి

పెట్టె లోపం చివరికి చేప లోపం అవుతుంది, చేప లోపం కొన్నవాళ్ల కడుపులోకి పోతుంది. వేడి పొగ పెట్టిన చేపలో అతి మందమైన చోట 63 డిగ్రీలు చేరి, అక్కడ 30 నిమిషాలు నిలబడాలి. పైన ఎర్రగా, నిగనిగలాడుతూ ఉందని సరిపెట్టుకోకూడదు. అందుకే గుచ్చి చూసే థర్మామీటర్ మా లెక్కలో పెట్టె కన్నా ముందు కొనాల్సిన వస్తువు.

కరెంటు పోయి, పెట్టె చల్లబడిపోతే గడియారం చూడండి. చేప గోరువెచ్చగా రెండు గంటలు దాటి ఉంటే, ఎండాకాలమైతే ఒక గంట దాటి ఉంటే, అది అమ్మకానికి కాదు, ఇంట్లో వండుకోవడానికీ కాదు. మళ్లీ వేడి చేస్తే సరిపోతుందనుకుంటారు. కానాగంత, సూర, కవళ్లు చల్లదనం తప్పి పాడవడం మొదలైతే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. తిన్నవాళ్లకు ఒళ్లు ఎర్రబడటం, దద్దుర్లు, వాంతులు వస్తాయి. దాన్ని పొగా తీయలేదు, ఉడకబెట్టడమూ తీయలేదు. అందుకని పడవ దిగిన చేప పెట్టెలోకి వెళ్లేదాకా ఐసులోనే ఉండాలి.

పొగ పెట్టిన చేపంటే ఎండు చేప కాదు, అందులో తడి ఉంటుంది. చల్లార్చి, 3 డిగ్రీలు దాటని చలిలో పెట్టాలి. గాలి తీసేసిన ప్యాకెట్‌లో కట్టి బయట బల్ల మీద పెడితే నిలవ ఉంటుందనుకోవడం పొరపాటు. గాలి లేని చోటే పెరిగే విషక్రిమి ఒకటుంది, బొటులినమ్ అంటారు. ప్యాకెట్ అందంగా ఉన్నా లోపల ప్రమాదం ఉండొచ్చు.

రోజూ, వారానికి, ఏడాదికి

వాడిన ప్రతిసారీ: పెట్టె చల్లారాక బూడిద తీయాలి, జిడ్డు పళ్లెం, నీళ్ల గిన్నె ఖాళీ చేసి కడగాలి. జాలీలు వేడినీళ్లలో వంటసోడా వేసి నానబెట్టి కొబ్బరి పీచుతో తోమితే చాలు. కాస్టిక్ సోడా, యాసిడ్ వద్దు. తలుపు కాసేపు తెరిచి ఉంచి లోపల ఆరనివ్వాలి. తడితో మూస్తే బూజు పడుతుంది.

వారానికోసారి: తలుపు పట్టీని, తలుపు ఆనే అంచుని తడిగుడ్డతో తుడవాలి. పట్టీ బాగుందో లేదో చూడటానికి కాగితం ముక్క తలుపు సందున పెట్టి మూసి లాగండి. గట్టిగా పట్టితే సరే. ఊరికే జారి వచ్చేస్తే అక్కడ పట్టీ వదులైందన్నమాట. నాలుగు పక్కలా ఇలా చూడాలి. పై కన్నంలో పేరుకున్న తారు చెక్క గరిటెతో గోకి తీయాలి. లోపలి గోడల మీద పలచగా అంటుకున్న గోధుమరంగు పూత ఉండొచ్చు. పెచ్చులుగా లేచే నల్ల తారు మాత్రం చేప మీద రాలుతుంది, దాన్ని తీసేయాలి. కాయిలు మీద, స్విచ్ డబ్బా మీద నీళ్లు పోయకూడదు. పైపు పెట్టి పెట్టె కడగడం అసలే వద్దు.

ఏడాదికోసారి: మన తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవలకు, మోటారు పడవలకు వేట నిషేధం. మనకు చేతి నిండా పని లేని ఆ రోజులే పెట్టెకు ఒళ్లు బాగుచేసుకునే రోజులు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్తు, ఆర్‌సీసీబీ, బిగింపులు, తీగ అన్నీ చూపించండి. ఆర్‌సీసీబీ మీద ఉండే చిన్న టెస్ట్ బటన్ మాత్రం నెలకోసారి మనమే నొక్కి చూడొచ్చు. నొక్కగానే పడిపోవాలి. పడకపోతే అది అలంకారానికి ఉన్నట్టే. నిషేధం అయ్యాక మొదటి చేప పెట్టే ముందు ఖాళీ పెట్టెను గంటసేపు నడిపి తేమ, వాసన పోగొట్టండి.

ఉప్పుగాలి ఇనుముని తింటుంది. కొత్తగా కొనేవాళ్లు 304 రకం స్టీలు అడిగి, ఆ అంకె బిల్లు మీద రాయించుకోండి. అయస్కాంతం అంటుకోకపోతే మంచి స్టీలే అని కొట్టువాళ్లు చూపిస్తారు. 202 రకం చవక స్టీలుకి కూడా అయస్కాంతం అంటుకోదు, కానీ అది ఉప్పుగాలికి తొందరగా తుప్పు పడుతుంది. జాలీలకు జింకు పూత ఉన్నవి వద్దు.

సంఘాలను మేం అడిగేవి

చివరిగా నాలుగు మాటలు. ఇవి తీర్మానంగా రాసుకోమని కార్యవర్గాన్ని అడుగుతున్నాం.

ఒకటి, ప్రతి పెట్టెకూ ఒక పుస్తకం. పొదుపు పుస్తకంలాగే. ఏ రోజు ఎన్ని కిలోలు, ఎంత వేడి, ఎంతసేపు, ఏ లోపం వచ్చింది, ఎవరు బాగు చేశారు, ఏం మార్చారు. రెండోసారి అదే లోపం వస్తే ఆ పుస్తకమే మన మెకానిక్.

రెండు, పెట్టె కొనేటప్పుడే ఒక కాయిలు, ఒక తలుపు పట్టీ, ఒక పేళ్ల ట్రే అదనంగా కొనిపెట్టుకోవడం. విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయో చెప్పలేని కొట్టులో పెట్టె కొనవద్దు. బిల్లు, వారంటీ కాగితం సంఘం బీరువాలో ఉండాలి.

మూడు, అమ్మకంలోంచి ప్రతి నెలా కొంత పెట్టె పేరున పక్కన పెట్టడం. ఎంత అనేది ఆ గుంపు ఇష్టం. కానీ వాయిదా కట్టాక మిగిలింది కాదు, వాయిదాతో పాటే తీయాలి. పాలిచ్చే గేదెకు మేత ఖర్చు వేరే తీస్తాం కదండీ, ఇదీ అంతే.

నాలుగు, గ్రామ సంఘానికి ఇద్దరు చొప్పున మహిళలకు ఈ పని నేర్పించడం. కాయిలు విప్పడం వరకు కాకపోయినా, లోపం ఎక్కడుందో పట్టుకోవడం, ఎర్తు, ఆర్‌సీసీబీ గురించి తెలుసుకోవడం వరకు. చేప శుద్ధి, నిలవ గురించి శిక్షణకు కొచ్చిలోని కేంద్రీయ మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలో పరిశోధన కేంద్రం ఉంది. సమాఖ్య తరఫున ఒక ఉత్తరం రాసి అడగాలని కోరుతున్నాం. అమ్మేవాళ్లంతా ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ ఉండేలా చూసుకోవాలి.

బ్యాంకుకి వెళ్లి సంతకం పెట్టడం మనకు ఎవరో ఒకరు నేర్పించారు. ఆ తర్వాత లెక్కలు రాయడం నేర్చుకున్నాం, ఇప్పుడు ఆడిట్‌కి మనమే జవాబు చెబుతున్నాం. పొగ పెట్టె అంతకన్నా కష్టమైంది కాదు. ఏది చూడాలో, ఏది ముట్టకూడదో తెలిస్తే అది మూలన పడదు. ఎవరి పెట్టెకైనా ఇప్పుడు లోపం ఉంటే భోజనాల దగ్గర మా గుంపుని కలవండి, కూర్చుని మాట్లాడుకుందాం.